మావయ్యకు పడనివి

మావయ్యకు ఏదీ పడదు. దుమ్ము పడదు, ఉన్ని పడదు, ఈకలు పడవు, పిల్లి పడదు, పిల్లిని పెంచేవాళ్లు అసలే పడరు. కొత్త రంగు పడదు, పాత పుస్తకం పడదు. సెంటు పూసుకున్న మనిషి వీధి మలుపు తిరిగితే చాలు, ఇక్కడ వరండాలో ఆయన ముక్కు పైకెత్తి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, కిటికీ అద్దాలు గలగలలాడేలా "హాఛ్!" మంటాడు. తర్వాత రుమాలుతో ముక్కు ఒత్తుకుని, తీర్పు చదివిన జడ్జిలా ఒకే మాట అంటాడు.

"నాకు పడదు."

వీధిలో ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన 'పడదుగారు'. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు ఘుమఘుమలాడే సెంటు కొట్టుకుని వచ్చి, గుమ్మంలోనే తొమ్మిది తుమ్ములు తిని, పాలసీ మాట ఎత్తకుండానే వెనక్కి పోయాడు. పోతూ పోతూ పక్కింటివాళ్లతో, "ఆయనకి పాలసీ ఇవ్వడం మాక్కూడా పడదండీ" అన్నాడట.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి అలర్జీ క్లినిక్‌లో టెక్నీషియన్. ఎవరికి ఏది పడదో చేతిమీద సూదిమొనతో గుచ్చి తేల్చడం ఆమె ఉద్యోగం. "కొడుక్కి పెళ్లాన్ని వెతికాడా, తన ముక్కుకి నర్సుని వెతికాడా?" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నిజానికి సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయి ఉద్యోగం ఏమిటో వినగానే మావయ్య నీళ్లు నమిలాడు. ఎందుకు నమిలాడో అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే కోడలికి తన ఎలుగుబంటి కనపడలేదు. చిన్నప్పటి బొమ్మ. ఒక చెవి ఊడిపోయింది, పొట్టలో దూది సగం కారిపోయింది, అయినా వదల్లేక పెట్టెలో పెట్టి తెచ్చుకుంది. మంచం కింద వెతికింది, అల్మారాలో వెతికింది, మొగుణ్ణి అనుమానించింది. చివరికి కాఫీకి పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే, పై అరలో ఐసు ట్రేకీ బఠాణీల పొట్లానికీ మధ్య, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కూర్చుని, ఎలుగుబంటి ఆమెనే చూస్తోంది.

ఆమె పెట్టిన కేకకి మావయ్య పరుగున వచ్చాడు.

"భయపడకమ్మా, రేపు ఈపాటికి వదిలేస్తాను."

"అదేం పాపం చేసింది మావయ్యా?"

"అది చేయలేదు. దాని పొట్టలో కంటికి కనపడని పురుగులు లక్ష ఉంటాయి. ఒక రోజంతా గడ్డకడితే చస్తాయి. తర్వాత వేడినీళ్లలో ఉతికి ఆరేస్తాను. ఇకమీదట నెలకోసారి."

క్లినిక్‌కి వచ్చే తల్లులకు కోడలు రోజూ చెప్పే మాటలే ఇవి. చెప్పడమే గానీ, విని చేసిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

తర్వాత నెల రోజుల్లో ఆమెకు ఆ ఇంటి రాజ్యాంగం పూర్తిగా అర్థమైంది. చెప్పులు గుమ్మం బయటే. కిటికీలకు పరదాలు లేవు, తడిగుడ్డతో తుడిచే ప్లాస్టిక్ పలకల తెరలు. పరుపులకూ దిళ్లకూ జిప్పు పెట్టిన గట్టి తొడుగులు. పక్కకి ఒత్తిగిలితే చాలు, ఎండుటాకుల కుప్పలో పడుకున్నట్టు కరకరలాడేవి. కొత్త దంపతులు ఒకరివైపు ఒకరు తిరిగిన సంగతి ఇంటిల్లిపాదికీ వినపడేది. పుప్పొడి ఎగిరే రోజుల్లో పొద్దుటిపూట కిటికీలు తెరవకూడదు, బట్టలు బయట ఆరేయకూడదు. స్నానం చేసినవాళ్లు గోడల తడి రబ్బరు కర్రతో తుడిచి గాని బయటికి రాకూడదు, బూజు పడుతుంది. "స్నానం ఐదు నిమిషాలు, గోడకి స్నానం పదిహేను నిమిషాలు" అని ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కొడుకు రోజూ గొణుక్కునేవాడు.

ఆదివారం వచ్చిందంటే మావయ్య యుద్ధానికి దిగేవాడు. ఇంట్లో దుప్పట్లన్నీ చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో ముంచేవాడు. ఎండు చీపురు ఆ ఇంట్లో నిషిద్ధం. తడిగుడ్డ పట్టుకుని గదులన్నీ తనే తుడిచేవాడు. ఆ సమయంలో అత్తయ్య లోపల ఉండటానికి వీల్లేదు.

"ఏమోయ్, నువ్వు అవతల వరండాలో కూర్చో."

"ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, నాకు బల్ల తుడవడం చేతకాదా?"

"నీకు మూలలు కనపడవు. నువ్వు వదిలేసిన ఆ చిటికెడు దుమ్ము నాకు పడదు."

"ఈయన ముక్కుకి కాపలా కాయడానికే నన్ను కన్నారు మావాళ్లు" అంటూ అత్తయ్య పత్రిక పట్టుకుని బయటికి నడిచేది. గంట తర్వాత మావయ్య తలుపు తీసి, "ఇంక రా" అంటే గాని లోపలికి వచ్చేది కాదు. తిట్టేది, కానీ ఒక్క నియమమూ తప్పేది కాదు. ఆయన తుమ్మితే చాలు, సగం తిన్న కంచం వదిలేసి కిటికీ మూయడానికి పరుగెత్తేది.

ఆవిడ మాత్రం ఉక్కు మనిషి. ఒంట్లో బాగోలేదన్న మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. జలుబు చేస్తే 'గాలి మారింది' అనేది, దగ్గు వస్తే 'పొలమారింది' అనేది. మాత్ర మింగడమంటే ఆవిడకి నేరం ఒప్పుకోవడంతో సమానం.

ఆవిడ ఉద్యోగం చేసే రోజుల్లో మావయ్య బడిని కూడా వదల్లేదు. ప్రతి సోమవారం హెడ్మాస్టరు గదికి వెళ్లి, "మా ఆవిడ బట్టలమీద సుద్దపొడి ఇంటికి వస్తోందండీ, నాకు పడదు" అని కుర్చీలో కూర్చునేవాడు. కూర్చుని తుమ్మేవాడు. మూడు నెలలు భరించి, హెడ్మాస్టరు ఆవిడ తరగతిలో నల్లబల్ల పీకించి తెల్లబోర్డు పెట్టించాడు. అత్తయ్య నెల్లాళ్లపాటు తోటి టీచర్ల ముందు తల ఎత్తుకోలేకపోయింది.

ఇవన్నీ విని అందరూ నవ్వుకునేవాళ్లే. కోడలికి మాత్రం నవ్వుతోపాటు ఒక అనుమానం కూడా వచ్చింది. రోజుకి పాతికమంది అలర్జీ మనుషుల ముఖాలు చూసే కళ్లు ఆమెవి. నిజంగా పడనివాడికి కళ్లు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది, కళ్ల కింద నల్లగా వలయాలు ఉంటాయి. మావయ్య ముఖం తుమ్మకముందూ తుమ్మిన తర్వాతా అప్పుడే కడిగిన పింగాణీ కప్పులా ఉంటుంది. పైగా ఆయన తుమ్ము దుమ్ము లేచాక రాదు, దుమ్ము లేవబోతుండగా వస్తుంది. ఒకసారి అత్తయ్య పాత అట్టపెట్టె మూతమీద చెయ్యి వేసిందో లేదో, పక్క గదిలోంచి "హాఛ్!" వినపడింది. గోడ అవతలి మూతని ఏ ముక్కు పసిగడుతుంది?

ఇలా ఉండగా పెద్దత్త దిగింది. మావయ్యకి స్వయానా అక్కగారు, మాటకి ఎదురు చెప్పేవాళ్లని ఎరగని మనిషి. కొత్త దంపతులకు కానుకగా తివాచీ తెచ్చింది. అదేం మామూలు తివాచీ కాదు, కాలు పెడితే చీలమండ దాకా దిగబడే ఎర్రటి ఉన్ని తివాచీ. ఎవరు ఏమంటున్నారో వినకుండా హాలు నిండా పరిచి, నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఎలా ఉంది?"

"హాఛ్!" అన్నాడు మావయ్య. వరసగా పదకొండు. పెద్దత్త వేళ్లమీద లెక్కపెట్టింది.

కోడలు ఆయన్ని చూడటం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్యని చూస్తోంది. అత్తయ్య గుండెమీద చెయ్యి వేసుకుని రెండుసార్లు దగ్గింది. ఊపిరి తీసుకుంటుంటే సన్నగా ఈల వేసినట్టు వినపడింది. "కూరగాయల బండి వచ్చిందేమో చూసొస్తా" అని గబగబా వీధిలోకి వెళ్లింది. ఏ బండీ రాలేదు.

ఈలోగా మావయ్య తివాచీని ఒక చివరనుంచి చుట్టడం మొదలుపెట్టాడు. అవతలి చివర పెద్దత్త కూర్చునే ఉంది.

"ఒరేయ్, మనిషిని కూడా చుడతావేంట్రా!"

"లే అక్కా, నాకు పడదు."

"ముప్ఫై ఏళ్లుగా ఇదే పాట! పరదాల్లేవు, మెత్తటి దిండు లేదు, ఆసుపత్రిలో ఉన్నట్టుంది కొంప. నీ కోడలు చేసే పనే అది కదా, ఆ ముక్కు సంగతేంటో తేల్చమను. పడదని తేలిందా, నా తివాచీ నేనే భుజాన వేసుకుని పోతా. ఉత్తుత్తిదే అని తేలిందా, హాల్లో తివాచీ, కిటికీలకి పరదాలు, నేను దాచిపెట్టిన ఈకల పరుపు మీ ఆవిడ మంచమ్మీద. ఏమంటావ్?"

కొడుకు కూడా అత్త పక్షమే చేరాడు. "అవును నాన్నా, ఒకసారి తేలిపోతే మాకూ హాయి."

సూదులు నాకు పడవన్నాడు మావయ్య. క్లినిక్ వాసన పడదన్నాడు. శుక్రవారం అసలే పడదన్నాడు. అయితే వచ్చే గురువారం, అంది పెద్దత్త. అందరి కళ్లూ తనమీదే ఉండేసరికి ఆయన తల ఊపక తప్పలేదు.

పరీక్షకి వారం ముందునుంచీ జలుబు మాత్రలేవీ వేసుకోకూడదు. ఆ మాట చెప్పడం మర్చిపోయానని గుర్తొచ్చి, కోడలు క్లినిక్‌కి వెళ్తూ దారిలో బస్సు డిపోలో దిగింది. మావయ్య అక్కడ టైమ్‌కీపర్. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకోవడం ఆయన పని. ఇంట్లో ఈక కదిలితే తుమ్మే మనిషి ఈ డిపోలో ఎలా బతుకుతున్నాడా అనుకుంటూ ఆమె ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది. ఒకవైపు బస్సులు పొగ కక్కుతున్నాయి. ఇంకోవైపు ఇద్దరు మనుషులు పొడి చీపుళ్లతో బస్సుల్లోంచి దుమ్ము కుప్పలుగా బయటికి ఊడుస్తున్నారు. ఆ మేఘం మధ్యలో, కిటికీ అద్దమైనా లేని గదిలో, మావయ్య హాయిగా టీ తాగుతూ రిజిస్టరు రాసుకుంటున్నాడు. ఆయన ఒళ్లో బూడిదరంగు పిల్లి నిద్రపోతోంది.

తల ఎత్తి కోడల్ని చూశాడు.

"హాఛ్! హాఛ్! హాఛ్! ఎవరిదమ్మా ఈ పిల్లి? ఎక్కడినుంచి వచ్చింది? పో, పో!"

పిల్లి కింద పడింది, ఒళ్లు విరుచుకుంది, మళ్లీ ఆయన ఒళ్లోకి ఎక్కి పడుకుంది. అటుగా పోతున్న కండక్టరు ఆగి, "అది సారుదేనండీ. ఐదేళ్లనుంచీ సారు ఒళ్లో తప్ప పడుకోదు. అందుకే సారు ఇంటికెళ్లేముందు బట్టలు మార్చుకుంటారు" అన్నాడు ఎంతో అభిమానంగా.

కోడలు జలుబు మాత్రల సంగతి చెప్పి వెళ్లిపోయింది.

గురువారం నాడు క్లినిక్‌లో మావయ్య చొక్కా చెయ్యి మడుచుకుని, ఉరికంబం ఎక్కినట్టు కుర్చీ ఎక్కాడు. కోడలు ఆయన ముంజేతిమీద వరసగా చుక్కలు వేసింది. ఇంటి దుమ్ములో పురుగు, పుప్పొడి, బూజు, పిల్లి, ఈకలు, బొద్దింక. ఒక్కో చుక్కలో సూదిమొనతో చిన్నగా గుచ్చి, "పదిహేను నిమిషాలు కదలకండి" అంది. పడనిది ఉంటే ఆ చోట దోమ కుట్టినట్టు పొంగుతుంది. మావయ్య కళ్లార్పకుండా చేతివంకే చూస్తూ కూర్చున్నాడు. కొడుకు పుట్టినప్పుడు కూడా అంత ఆదుర్దాగా చూసి ఉండడు.

"అదిగో! చివరిది పొంగింది చూడు!"

"అది అందరికీ పొంగుతుంది మావయ్యా. సూది పని చేస్తోందో లేదో చూసుకోవడానికి వేసే చుక్క. మిగతావి చూడండి."

మిగతా చెయ్యి నున్నగా ఉంది. మావయ్య ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాస్త గోకి కూడా చూశాడు.

"మీకు పడనిది ఈ భూమ్మీద లేదు మావయ్యా" అంది కోడలు. "ఇప్పుడు చెప్పండి. పడనిది అత్తయ్యకి కదూ?"

మావయ్య చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నాడు.

"నీ ఉద్యోగం తెలిసినరోజే అనుకున్నానమ్మా, దొరికిపోతానని." అంటూ మొదలుపెట్టాడు. "మా పెళ్లయిన మొదటి చలికాలం. మీ అత్తయ్యకి ఊపిరి పట్టేసింది. ఆసుపత్రిలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లో ఏమేం తీసెయ్యాలో డాక్టరు రెండు పేజీలు రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని వేడి గిన్నె కింద పెట్టుకుంది. 'నాకేం జబ్బు? చలిగాలి కొట్టిందంతే' అంది. నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు. వారం తిరక్కుండా చీపురు పట్టుకుని అటక ఎక్కింది. నాకేం చెయ్యాలో తోచక కింద నిలబడి తుమ్మాను."

"దొంగ తుమ్మా?"

"లేదమ్మా, మొదటిది అసలైనదే. అటకమీది దుమ్మంతా నా ముక్కులోనే పడింది. ఆ తుమ్ము వినగానే గబగబా దిగొచ్చేసింది. 'అయ్యో, మీకు పడట్లేదా? చెప్పరేం!' అని సాయంత్రానికి అటక ఖాళీ చేయించింది. పరుపు మార్పించింది. అప్పుడర్థమైంది నాకు. తనకోసమైతే ఒక్క కిటికీ రెక్క మూయదు. నాకోసమైతే ఇల్లు తలకిందులు చేస్తుంది. ఆ తర్వాతి తుమ్ములన్నీ నేను తయారుచేసుకున్నవే. మీ అత్తయ్య మళ్లీ ఆసుపత్రి గుమ్మం ఎక్కలేదు."

"ముప్ఫై ఏళ్లు తుమ్మారా!"

"మొదట్లో కష్టంగా ఉండేది. అలవాటైంది" అన్నాడు మావయ్య కాస్త గర్వంగానే.

"అయినా మీ తుమ్ము ఒక్కటే సరిపోదు మావయ్యా. మొన్న అత్తయ్య ఊపిరిలో ఈల విన్నాను. మందు పడాలి."

"మందా! మీ అత్తయ్యా!" మావయ్య కుర్చీలో కుంగిపోయాడు. "అది నావల్ల కాలేదు."

"నాకు వదిలెయ్యండి" అంది కోడలు.

ఇంట్లో పెద్దత్త సోఫాలో కూర్చుని ఎదురుచూస్తోంది. తివాచీ చుట్ట ఆవిడ పక్కనే, సాక్షి బోనులో నిలబడ్డట్టు గోడకి ఆనుకుని ఉంది.

"తేలిందా?"

"కాగితం మావయ్య చేతికే ఇవ్వాలండీ పెద్దత్తయ్యా, అది మా క్లినిక్ పద్ధతి. కానీ ఒక్కమాట చెప్తాను. ఈ తివాచీ, ఆ పరదాలు, మీ ఈకల పరుపు ఈ ఇంట్లోకి వచ్చాయంటే నెల తిరిగేలోగా మనిషి ఊపిరాడక ఆసుపత్రిలో ఉంటారు. ఈ ఇల్లు ఎలా ఉందో అలాగే ఉండాలి. నా ఉద్యోగం మీద ఒట్టు."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఎవరి ఊపిరి అని పెద్దత్త అడగలేదు. మావయ్య సమయానికి ఒక్క "హాఛ్!" వేశాడు. ఎప్పటికన్నా కాస్త తడిగా వచ్చింది అది. పెద్దత్త తమ్ముడి తలమీద చెయ్యి వేసి, "ఇన్నాళ్లూ నిన్ను ఆడిపోసుకున్నాను కదరా" అని, ఆడిన మాట ప్రకారం తివాచీని భుజాన వేసుకుని బయల్దేరింది. నాలుగు అడుగులు వేశాక కొడుకు వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.

పది రోజులు ఆగి కోడలు అత్తయ్య దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, ఇంట్లో మరో మనిషి చెయ్యి కూడా చూస్తే మావయ్య సంగతి సులువుగా చక్కబెట్టొచ్చు. మీరొస్తారా?"

"ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలన్నమాట, పోల్చి చూడటానికి" అంది అత్తయ్య తృప్తిగా. "అయితే నేనే రావాలి. ఆయనకి మేలంటే పద."

పదిహేను నిమిషాల తర్వాత ఆవిడ ముంజేతిమీద నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత పొంగులు లేచాయి. ఇంటి దుమ్ము దగ్గర లేచినది అన్నిటికన్నా పెద్దది. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని, పిల్లవాడి పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఆ చేతిని చాలాసేపు చూసింది.

"ఇవెవరివి?"

"మీవే అత్తయ్యా. చెయ్యి మీదే కదా."

డాక్టరు వచ్చి గొట్టంలోకి ఊదించాడు. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటున్నాయని చెప్పి ఇన్‌హేలర్ రాసిచ్చాడు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మానకుండా. అత్తయ్య బయటికి వచ్చాక మెట్లమీద ఆగి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఈ సంగతి మీ మావయ్యకి చెప్పకు."

"ఎందుకత్తయ్యా?"

"ఆ మనిషి అసలే తుమ్ములతో వేగలేకపోతున్నాడు. నాకు కూడా ఉందంటే బెంగతో ఏమైపోతాడో. ఆ పీల్చేదేదో చాటుగా పీల్చేస్తాలే. ఒట్టు పెట్టు."

కోడలు ఒట్టు పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి ముఖం పక్కకి తిప్పుకోవలసి వచ్చింది.

ఆ ఇంట్లో ఒక వస్తువు దాచడమంటే మాటలా? అంగుళం అంగుళం తడిగుడ్డతో గాలించే మనిషి ఉన్న కొంప. అత్తయ్య బాగా ఆలోచించి అల్మారా పైన, తన పాత హాజరుపట్టీల వెనక ఇన్‌హేలర్ పెట్టింది. రోజూ రెండుపూటలా మావయ్య వీధిలో ఉన్న వేళ చూసి కుర్చీ ఎక్కేది. నెల తిరిగేసరికి మెట్లెక్కుతూ పాట కూడా పాడుకోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం కోడలు పనినుంచి వచ్చేసరికి మావయ్య తడిగుడ్డ భుజాన వేసుకుని ఆ అల్మారా ముందే నిలబడి ఉన్నాడు. ఆయన వంటింటివైపు ఒకసారి చూసి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మీ అత్తయ్య మూత సరిగ్గా పెట్టడం లేదమ్మా" అన్నాడు రహస్యంగా. "సందులో దుమ్ము చేరుతోంది. అదే పీలిస్తే ఇంకేమన్నా ఉందా? రోజూ నేనే తుడిచి, ఉన్నచోట ఉన్నట్టు పెడుతున్నాను. నువ్వు కాస్త చెప్పు. నేనన్నానని మాత్రం చెప్పకు, నాకు తెలిసిందంటే మానేస్తుంది."

కోడలు వంటింట్లోకి వెళ్లింది. అత్తయ్య టీ వడకడుతోంది.

"అత్తయ్యా, ఆ మూత టిక్కుమనేదాకా నొక్కి పెట్టాలట. లేకపోతే దుమ్ము చేరుతుందట."

"డాక్టరు చెప్పాడా?"

"ఆ... చెప్పారత్తయ్యా."

అత్తయ్య కప్పు ఆమె చేతికిస్తూ మెచ్చుకోలుగా తల ఊపింది.

"ఎంతమందిని చూస్తుంటాడో, అయినా నా మూత సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాడు చూడు. అలాంటి మనిషి దొరకడం అదృష్టమే."